స్లైడు ఖాళీగా ఉంటే జబ్బు లేనట్టేనా? ఒకే ఒంట్లో కలిసుండే జబ్బులు మైక్రోస్కోపుకు ఎందుకు చిక్కవు

ములుగు జిల్లా గూడేలలో, వరంగల్ బస్తీలలో ఒకే గడపకు ఏడాదిలో పలుమార్లు ఆరోగ్య సిబ్బంది వస్తుంటారు. ఫైలేరియా (బోదకాలు) మాత్రల పంపిణీ ఉన్నచోట వాటిని మింగించడానికి ఒకసారి. పిల్లలకు నులిపురుగుల మాత్ర వేయడానికి ఫిబ్రవరిలో, ఆగస్టులో. ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయేమో చూడడానికి ఇంకోసారి. జ్వరాల కాలంలో వేలు గుచ్చి రక్తం తీసుకోవడానికి మరోసారి. వచ్చే మనిషి చాలాసార్లు ఒకరే, ఆ ఊరి ఆశా కార్యకర్తే. చేతిలోని రిజిస్టరు, నింపే ఫారం, నమూనా వెళ్లే దారి మాత్రం ప్రతిసారీ మారిపోతాయి.

ఒంటికి ఈ విభజన తెలియదు. కాలు వాచిన మనిషి పేగుల్లో కొంకిపురుగులు ఉండవచ్చు. కుష్టు మందులు వాడుతున్న మనిషి నెత్తురులో ఫైలేరియా పిల్లపురుగులు తిరుగుతుండవచ్చు. అయినా పరీక్ష రిపోర్టులో చాలాసార్లు కనిపించేది ఒక్క జబ్బు పేరే, లేదంటే ‘ఏమీ కనిపించలేదు’ అన్న ఒక్క వాక్యమే. ఆ వాక్యాన్ని ‘జబ్బేమీ లేదు’ అని చదువుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

క్లుప్తంగా

మైక్రోస్కోపు పరీక్ష చౌక, నమ్మదగినది. కానీ అది అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. బోదకాలుకు రాత్రి తీసిన నెత్తురు కావాలి, కొంకిపురుగుకు తాజా మలం కావాలి, కుష్టుకు చర్మం నుంచి గీకిన ద్రవం కావాలి. వీటికి వాడే రంగులు వేరు, కటకాలు వేరు, చదవడానికి పట్టే సమయం వేరు. ఒకదాని కోసం తీసిన స్లైడులో మరొకటి బయటపడే అవకాశం చాలా తక్కువ. రెండు జబ్బులు కలిసి ఉన్నప్పుడు ఒకదానికిచ్చే మందు రెండోదాన్ని ప్రమాదకరంగా మార్చే సందర్భాలున్నాయి కాబట్టి ఇది ల్యాబ్ గది దాటి రోగి మంచం దాకా వచ్చే విషయం.

జబ్బులు వేరు, చిరునామా ఒకటి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులు’ అనే జాబితాను నిర్వహిస్తోంది. 2023 డిసెంబరులో నోమా అనే నోటి వ్యాధిని చేర్చడంతో ఆ జాబితాలోని వ్యాధులు, వ్యాధి సమూహాల సంఖ్య 21కి చేరింది. బోదకాలు, కుష్టు, నేల ద్వారా సోకే పేగు పురుగులు, గజ్జి, డెంగీ, రేబిస్, పాముకాటు అన్నీ ఇందులోనివే. మలేరియా ఈ జాబితాలో లేదు. అయితే ఈ జబ్బులు సోకే ఊళ్లలోనే అదీ సోకుతుంది కాబట్టి ల్యాబ్ బల్ల మీద అన్నీ కలిసే ఉంటాయి.

జాబితాలోని ప్రతి జబ్బునూ మైక్రోస్కోపు చూపించలేదు. డెంగీ వైరస్ మామూలు కటకానికి అందదు. పాముకాటుకు నెత్తురు గడ్డకట్టే సమయం చూడాలి. ఉత్తర తెలంగాణలో మైక్రోస్కోపుతో నేరుగా ముడిపడినవి ప్రధానంగా మూడు: బోదకాలు, పేగు పురుగులు, కుష్టు. గజ్జిని కూడా చర్మం గీకి చూడవచ్చు, కానీ చేతివేళ్ల సందుల్లోని దురద పొక్కులను బట్టే దాన్ని గుర్తుపట్టడం రివాజు.

ఈ మూడూ సోకే మార్గాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. బోదకాలును మోసే క్యూలెక్స్ దోమ మురుగు నిలిచే చోట పెరుగుతుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకే నగరంగా కలిసిపోయిన చోట దానికి మురుగు కాలువల కొరత లేదు. పాత వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలు ఫైలేరియా ప్రాంతాలుగా చాలా కాలంగా గుర్తింపులో ఉన్నవే. కొంకిపురుగు పిల్లలు చెట్ల నీడన తడి ఆరని నేలలో బతుకుతూ చెప్పుల్లేని పాదం చర్మాన్ని తొలుచుకుని లోపలికి వెళతాయి. కుష్టు చికిత్స అందని రోగితో చాలా కాలం దగ్గరగా మెలిగినవారికి సోకుతుంది. మార్గాలు వేరైనా ఇరుకు ఇల్లు, మురుగు, మరుగుదొడ్డి లేమి, ఆసుపత్రికి దూరం అన్నీ ఒకే కుటుంబం వాటాకు రావడం వల్ల జబ్బులు కూడా ఒకే ఇంట్లో పోగుపడతాయి.

పగలు దాక్కునే పురుగు

ఇక్కడి బోదకాలుకు కారణం వుచెరేరియా బాంక్రాఫ్టి అనే సన్నని దారంలాంటి పురుగు. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి ఉంటూ మైక్రోఫైలేరియా అనే పిల్లలను నెత్తురులోకి వదులుతాయి. వీటిని మనిషి నెత్తురులో 1872లో కలకత్తాలో టిమొతీ లూయిస్ చూశాడు. తరవాత కొన్నేళ్లకే చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఇవి రాత్రిపూటే బయటి రక్తనాళాల్లోకి వస్తాయని గమనించాడు. పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఆగిపోయి, రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య చర్మం కిందికి గుంపులుగా చేరతాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే.

ఫైలేరియా రాత్రి రక్త పరీక్షకు కారణం ఇదే. ఉదయం పదింటికి ఆసుపత్రిలో తీసిన నెత్తురు చుక్కలో మైక్రోఫైలేరియా కనిపించకపోతే దానివల్ల తెలిసేది దాదాపు శూన్యం. జ్వరం వచ్చినవారికి మలేరియా కోసం పగలు తీసే స్లైడుకూ ఇదే వర్తిస్తుంది. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ గుర్తించిన నాటి నుంచి తెలంగాణకు మలేరియా స్లైడుతో విడదీయరాని అనుబంధం ఉంది. ఆ స్లైడు తన పనికి సరిపోతుంది. ఫైలేరియాకు మాత్రం అది తప్పు గంటలో తీసిన స్లైడు.

రోగులను ఎక్కువగా తికమక పెట్టే విషయం ఇంకొకటుంది. కాలు బాగా వాచి, చర్మం మందమై ఏనుగు కాలులా మారిన రోగి నెత్తురులో మైక్రోఫైలేరియా చాలాసార్లు కనిపించదు. ఆ దశకు వచ్చేసరికి పెద్ద పురుగులు చనిపోయి ఉండవచ్చు, లేదా నాళాలు దెబ్బతిని పిల్లలు నెత్తురులోకి చేరలేకపోవచ్చు. అదే సమయంలో ఏ వాపూ లేకుండా పొలం పనికి వెళ్లే పక్కింటి మనిషి నెత్తురులో వందల కొద్దీ తిరుగుతుండవచ్చు. కాలు చూసి చేసే నిర్ధారణ, స్లైడు చూసి చేసే నిర్ధారణ ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు చెబుతాయి: ఒకటి జరిగిపోయిన నష్టాన్ని, ఇంకొకటి ఇప్పుడు దోమలకు అందుతున్న సాంక్రమికతను.

దగ్గు రూపంలో వచ్చే ఫైలేరియా కూడా ఉంది. రాత్రుళ్లు ఆగని పొడి దగ్గు, ఆయాసం, నెత్తురులో ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరగడం దాని లక్షణాలు. ఇందులో శరీరం పిల్లపురుగులను ఊపిరితిత్తుల్లోనే పట్టి నాశనం చేస్తుంది కాబట్టి రాత్రి తీసిన స్లైడు కూడా ఖాళీగానే ఉంటుంది. ఉబ్బసమనో క్షయ అనో పొరబడడానికి ఇక్కడ ఎంతో అవకాశం ఉంది.

చుక్కలో ఎంత, ఒంట్లో ఎంత

సరైన గంటకు తీసినా చుక్క పరిమాణం దగ్గర ఒక లెక్క అడ్డొస్తుంది. ఒక మనిషి నెత్తురులో మిల్లీలీటరుకు 10 మైక్రోఫైలేరియాలు ఉన్నాయనుకుంటే, పాత పద్ధతిలో తీసే 20 మైక్రోలీటర్ల (మిల్లీలీటరులో యాభయ్యో వంతు) చుక్కలో సగటున ఉండేది 0.2 పురుగు. అంటే అలాంటి మనుషులు పది మందికి స్లైడు తీస్తే ఎనిమిది మందిది ఖాళీగా వస్తుంది. చుక్కను 60 మైక్రోలీటర్లకు పెంచితే పది మందిలో నలుగురు ఐదుగురు దొరుకుతారు. ఒక మిల్లీలీటరు నెత్తురును సన్నని రంధ్రాల పొర గుండా వడకట్టి చూస్తే దాదాపు అందరూ దొరుకుతారు. కానీ దానికి నరం నుంచి నెత్తురు తీయాలి, వడపోత పొరలు కొనాలి. అర్ధరాత్రి ఊరి రచ్చబండ దగ్గర బ్యాటరీ దీపం కింద చేసే పనికి అది కుదరదు.

జబ్బు ఊళ్లో విస్తారంగా ఉన్నప్పుడు ఈ లోపం పెద్దగా బాధించదు. చాలా మందిలో పురుగులు ఎక్కువగా ఉంటాయి, స్లైడులో తేలిగ్గా కనిపిస్తాయి. మాత్రల పంపిణీ ఫలించి పురుగులు తగ్గే కొద్దీ మిగిలిన రోగుల్లో సాంద్రత పలచబడుతుంది, స్లైడు వాళ్లను వదిలేయడం మొదలుపెడుతుంది. మాత్రల పంపిణీ ఆపవచ్చా లేదా అని తేల్చే ముందు మైక్రోఫైలేరియా రేటు 1 శాతం కంటే తక్కువ ఉందా అని చూస్తారు. జబ్బు ఓడిపోతున్న దశలోనే పరీక్ష కూడా బలహీనపడుతుందన్నది నిర్మూలన కార్యక్రమాలన్నిటికీ ఎదురయ్యే కష్టం.

అరగంటలో మాయమయ్యే గుడ్లు

పేగు పురుగుల లెక్కకు ప్రపంచవ్యాప్తంగా వాడేది కాటో-కాట్జ్ పద్ధతి. చిన్న రంధ్రమున్న అచ్చుతో 41.7 మిల్లీగ్రాముల మలాన్ని స్లైడు మీద పెట్టి, గ్లిజరిన్‌లో, పచ్చ రంగు మందులో నానబెట్టిన సెల్లోఫేన్ ముక్కను కప్పి అదుముతారు. గ్లిజరిన్ మలాన్ని పారదర్శకం చేస్తుంది, లోపలి గుడ్లు బయటపడతాయి. కనిపించిన గుడ్ల సంఖ్యను 24తో గుణిస్తే గ్రాము మలంలో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఆ గుణకమే ఈ పద్ధతి పరిమితిని కూడా చెబుతోంది: గ్రాముకు 24 గుడ్ల కంటే తక్కువ ఉన్న రోగి స్లైడులో ఒక్క గుడ్డూ లేకపోవచ్చు.

కలిసి ఉండే సాంక్రమికాలకు సంబంధించి ఇందులో సూక్ష్మమైన ఇబ్బంది ఒకటి దాగి ఉంది. ఏలికపాము గుడ్డుకు పెంకు మందం. పీపా ఆకారంలో రెండు చివర్లా బిరడాలున్న కొరడా పురుగు గుడ్డు కూడా గట్టిదే. ఇవి స్లైడు మీద గంటల తరబడి చెక్కుచెదరవు, పైగా గ్లిజరిన్ ఇంకే కొద్దీ ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. కొంకిపురుగు గుడ్డుది పలచని పెంకు. అదే గ్లిజరిన్ దాన్ని అరగంట నుంచి గంటలోపు పూర్తిగా పారదర్శకం చేసేస్తుంది, వేడి వాతావరణంలో ఇంకా త్వరగా. మధ్యాహ్నం దాకా పోగైన స్లైడ్లన్నిటినీ భోజనమయ్యాక ఒకేసారి చదివే ల్యాబ్‌లో ఏలికపాము రోగులందరూ దొరుకుతారు, కొంకిపురుగు రోగులు జారిపోతారు. రెండూ ఉన్న పిల్లవాడి రిపోర్టులో ఏలికపాము ఒక్కటే ఉంటుంది. ఒకే స్లైడును రెండుసార్లు, తయారైన అరగంటలోపు ఒకసారి, తరవాత మరోసారి చదవడమే దీనికి మార్గం.

గుడ్ల సంఖ్యలోనూ ఎక్కువ తక్కువలున్నాయి. ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. కొంకిపురుగు పెట్టేవి వేలల్లోనే. కానీ నెత్తురు తాగేది కొంకిపురుగే. నెకేటార్ జాతి పురుగు ఒక్కటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్ల నెత్తురు పోయేలా చేస్తుంది. యాంకిలోస్టోమా జాతిదైతే అంతకు ఐదారు రెట్లు. స్లైడులో గుంపుగా కనిపించేదాని కంటే అరుదుగా కనిపించేదే రక్తహీనతకు అసలు కారణం కావచ్చు.

ఈ పద్ధతికి అసలే చిక్కని పురుగు ఒకటుంది, స్ట్రాంగిలాయిడిస్. దాని గుడ్లు పేగులోనే పొదిగి, మలంలోకి పిల్లపురుగులే వస్తాయి. కాటో-కాట్జ్‌లో అవి నిలవవు. తాజా మలాన్ని ఉప్పునీటిలో కలిపి చూడాలి, లేదా గోరువెచ్చని నీటిలోకి పిల్లపురుగులు ఈదుకుంటూ దిగేలా చేసి అడుగున పట్టుకోవాలి. ఇక్కడ కూడా బోల్తా పడే చోటు ఒకటుంది. నమూనా ఒక రోజు వేడిలో నిలవ ఉంటే కొంకిపురుగు గుడ్లు కూడా పొదిగి పిల్లలవుతాయి. రెండింటినీ వేరు చేయాలంటే నోటి గొట్టం పొడవు చూడాలి: కొంకిపురుగు పిల్లకు పొడవు, స్ట్రాంగిలాయిడిస్ పిల్లకు పొట్టి. అనుభవమున్న కన్ను ఆ తేడా పట్టగలదు. కానీ నమూనా నిలవ ఉండకుండా చూడడమే ఎక్కువ సులువు.

చర్మపు కోతలో వెతికే కుష్టు

కుష్టు చికిత్సలో ఉత్తర తెలంగాణది పెద్ద చరిత్ర. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ చొరవతో, రాజా నర్సాగౌడ్ విరాళంతో మొదలైన కుష్టు ఆసుపత్రి చాలా జిల్లాల రోగులకు ఆశ్రయమైంది. ఆ కాలానికి కుష్టును కలిగించే బాక్టీరియా అయిన కుష్టు బాసిలస్‌ను కనిపెట్టి నాలుగు దశాబ్దాలైంది. 1873లో నార్వేలో గెరార్డ్ హాన్సెన్ దాన్ని మొదట చూశాడు.

దాన్ని చూసే పద్ధతి పెద్దగా మారలేదు. చెవి తమ్మె లేదా మచ్చ దగ్గర చర్మాన్ని వేళ్లతో గట్టిగా పట్టి నెత్తురు రాకుండా చేసి, 5 మిల్లీమీటర్ల పొడవున సన్నగా కోసి, బ్లేడు అడ్డంగా తిప్పి లోపలి ద్రవాన్ని గీకుతారు. స్లైడు మీద పరిచి, వేడితో స్థిరపరచి, జీల్-నీల్సన్ పద్ధతిలో రంగు వేస్తారు. ఎర్రగా కనిపించే బాసిలస్‌లను నూనె కటకం (స్లైడు మీద నూనె చుక్క వేసి చూసే శక్తిమంతమైన కటకం) కింద లెక్కిస్తారు. 100 క్షేత్రాల్లో (క్షేత్రమంటే కటకంలో ఒక్కసారి కనిపించే మేర) కలిపి ఒకటి నుంచి పది ఉంటే 1 ప్లస్, ఒక్కో క్షేత్రంలో వెయ్యికి మించితే 6 ప్లస్. మెట్టు మెట్టుకూ పది రెట్లు పెరిగే కొలత ఇది.

పరిమాణం దగ్గరే మూడు పరీక్షలూ విడిపోతాయి. మైక్రోఫైలేరియా పొడవు 250 నుంచి 300 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కుష్టు బాసిలస్‌ది కొద్ది మైక్రాన్లే. తాటిచెట్టు పక్కన జానెడు పుల్ల పెట్టినట్టుంటుంది ఆ తేడా. మైక్రోఫైలేరియాను పది రెట్ల కటకంతో వెతకాలి. నూనె కటకం కింద పెడితే ఆ పురుగు మొత్తం ఒక క్షేత్రంలో పట్టదు. బాసిలస్‌ను పది రెట్ల కటకంతో చూస్తే అసలు కనిపించదు. ఒక స్లైడు నుంచి మరో స్లైడుకు మారడమంటే కటకం, వెలుతురు, వెతికే వేగం అన్నీ మార్చుకోవడమే.

ఖాళీ స్లైడును తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం కుష్టులో ఇంకా ఎక్కువ. గ్రాము కణజాలంలో సుమారు 10,000 బాసిలస్‌లు ఉంటేగానీ అవి స్లైడులో కనిపించవు. కొద్దిపాటి మచ్చలతో ఉండే రకంలో రోగనిరోధక శక్తి బాసిలస్‌లను అణచి ఉంచుతుంది కాబట్టి స్లైడు ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. స్పర్శ లేని మచ్చ, మందమైన నరం ఉంటే స్లైడు ఏం చెప్పినా కుష్టే. 1990ల చివర మచ్చల లెక్కతోనే రోగులను విభజించే పద్ధతి వచ్చింది: ఐదు దాకా ఒక రకం, అంతకు మించితే రెండో రకం. రోగికి ఆ రోజే మందు మొదలుపెట్టే వీలు కలగడం దాని మేలు. మరోవైపు చర్మపు కోత పరీక్ష కింది స్థాయి ల్యాబ్‌లలో వాడుక తప్పింది, చేయడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద కుష్టు 10,000 మందికి ఒకరి కంటే తగ్గిందని ప్రకటించిన తరవాత ఆ నైపుణ్యం మరింత పలచబడింది.

ఒకటి దొరికాక ఆగిపోయే వెతుకులాట

నమూనాల తేడాలు ఒక ఎత్తు, చూసే మనిషి మనసు ఇంకో ఎత్తు. స్లైడులో ఒకటి దొరకగానే కళ్లకు తృప్తి కలుగుతుంది, తరవాతి క్షేత్రాల మీద శ్రద్ధ సడలుతుంది. ఎక్స్‌రేలు చదివే వైద్యుల్లో బాగా తెలిసిన ఈ పొరపాటు మైక్రోస్కోపు దగ్గరా జరుగుతుంది. రోజుకు పదుల కొద్దీ స్లైడ్లు, ప్రతిదానికీ వంద క్షేత్రాలు, పక్కనే క్షయ తెమడ స్లైడ్లు, జ్వరాల స్లైడ్లు ఉన్న టెక్నీషియన్‌ను ఇందుకు నిందించడం అన్యాయం. ఒకే మనిషి చేతిలో ఎన్నో కార్యక్రమాల స్లైడ్లు పెట్టి, ఏ కార్యక్రమానికి ఆ కార్యక్రమంగా లెక్క అడిగే ఏర్పాటుదే ఆ లోపం.

ఫారం కూడా ఈ పొరపాటుకు సాయపడుతుంది. ‘ఫైలేరియా: ఉంది / లేదు’ అనే గడి ఒక్కటే ఉన్న కాగితంలో ఇంకేదైనా కనిపించిందని రాయడానికి చోటుండదు. మరోపక్క లేనిదాన్ని ఉన్నట్టు చూసే ప్రమాదమూ ఉంది. నెత్తురు స్లైడు మీద దూది పోగు మైక్రోఫైలేరియాలా మెలికలు తిరిగి ఉంటుంది. మలంలోని పుప్పొడి రేణువు పురుగు గుడ్డులా కనిపిస్తుంది, మొక్క నూగు పిల్లపురుగును పోలి ఉంటుంది. కుళాయి నీళ్లలో ఉండే హానిలేని బాక్టీరియా కొన్ని కుష్టు రంగును పట్టుకుని ఎర్రగా మెరుస్తాయి. అందుకే కొన్ని స్లైడ్లను మరో చోట, మొదటి ఫలితం తెలియని మనిషితో తిరిగి చదివించడం అవసరం.

రెండూ కలిస్తే మందు ఎలా మారుతుంది

ఇన్ని జబ్బులను వెతికి ఏం లాభం, మాత్రలు ఎలాగూ అందరికీ ఇస్తున్నారు కదా అన్న ప్రశ్న సహజం. జవాబు మందుల దగ్గర ఉంది.

కుష్టు చికిత్సలో రోజూ వేసుకునే డాప్సోన్ ఎర్ర రక్తకణాలను కొంత విచ్ఛిన్నం చేస్తుంది. ఆరోగ్యవంతుడి ఒంట్లో ఆ నష్టం భర్తీ అయిపోతుంది. పేగుల్లో వందల కొంకిపురుగులు నెత్తురు తాగుతున్న మనిషికి ఆ చిన్న నష్టమే భారమవుతుంది. నీరసం, ఆయాసం వచ్చి, మందు పడలేదనుకుని రోగి మానేస్తాడు. ఒక మలం పరీక్ష, ఒక ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర, కొన్ని నెలల ఐరన్ మాత్రలతో సరిపోయే విషయం కుష్టు చికిత్స ఆగిపోయేదాకా వెళుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన జత కుష్టు, స్ట్రాంగిలాయిడిస్. కుష్టు రోగుల్లో కొందరికి నరాలు, చర్మం ఒక్కసారిగా వాచే ప్రతిచర్యలు వస్తాయి. చేతులు, కాళ్లు చచ్చుబడకుండా కాపాడడానికి వారాల తరబడి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలి. స్ట్రాంగిలాయిడిస్ పేగులోనే మళ్లీ మళ్లీ సోకుతూ దశాబ్దాల పాటు ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు. స్టెరాయిడ్ దాన్ని అదుపులో ఉంచే రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. పురుగులు ఒక్కసారిగా పెరిగి ఊపిరితిత్తులు, ఇతర అవయవాలకు పాకితే ప్రాణం పోవచ్చు. బడుల్లో ఇచ్చే ఒక్క మోతాదు ఆల్బెండజోల్ ఈ పురుగు మీద సరిగా పనిచేయదు, ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు తాజా మలాన్ని ఉప్పునీటిలో కలిపి చూడడానికి పట్టేది పది నిమిషాలు. ఒక్కసారి చూసి లేదనుకుంటే చాలదు, వేర్వేరు రోజుల్లో తెచ్చిన నమూనాలు చూడాలి.

మూడో జత కంటికి కనిపించేదే. బోదకాలుతో వాచిన కాలు, కుష్టుతో స్పర్శ పోయిన పాదం ఒకే మనిషివి కావచ్చు. వాపు మడతల్లో పుండు పడుతుంది, నొప్పి తెలియక ఆ మనిషి నడుస్తూనే ఉంటాడు. పుండు చూసినవారు ఫైలేరియా అని రాసి ఊరుకుంటే, నరాల పరీక్ష జరగదు. పాదం కడిగి తుడిచి ఆరబెట్టుకునే సంరక్షణ రెండింటికీ ఒకటే, కానీ కుష్టు మందు వేరు, ఆలస్యమైన కొద్దీ పోయిన స్పర్శ తిరిగి రాదు.

ఒకే మందు రెండు పనులు చేసే మంచి జతలు కూడా ఉన్నాయి. ఫైలేరియాకు కొన్ని చోట్ల ఇస్తున్న మూడు మందుల కలయికలో డీఈసీ అనే ఫైలేరియా మందు, ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. ఆల్బెండజోల్ పేగు పురుగులను, ఐవర్‌మెక్టిన్ గజ్జి పురుగును, స్ట్రాంగిలాయిడిస్‌ను కూడా దెబ్బతీస్తాయి.

కొత్త పరీక్షలు ఎంత పూడుస్తాయి

ఫైలేరియా పట్టీ పరీక్ష పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని గుర్తిస్తుంది. పగలైనా రాత్రయినా తీసిన కొద్ది చుక్కల నెత్తురు చాలు, పది నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అర్ధరాత్రి ఊరంతా తిరిగే శ్రమ తప్పుతుంది. మాత్రల పంపిణీ ఆపే ముందు చిన్న పిల్లల్లో చేసే సర్వేకు ఇదే ఆధారం. అయితే చికిత్స తరవాత కూడా ఆ పదార్థం నెలల తరబడి నెత్తురులో ఉండిపోతుంది కాబట్టి, నెత్తురులో ఇప్పుడు పిల్లపురుగులు తిరుగుతున్నాయా అని తేల్చడానికి మళ్లీ రాత్రి స్లైడే దిక్కు. జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ ఒక్క మలం నమూనాలో నాలుగైదు రకాల పురుగులను వేరు చేయగలదు, కలిసి ఉన్న సాంక్రమికాలకు అన్నిటికంటే అనువైనది. కానీ దానికి యంత్రం, శీతల నిలవ, శిక్షణ పొందిన చేతులు అన్నీ కావాలి.

ఈ పట్టీలకూ ఒక గుణం ఉంది. అడిగిన జబ్బు తప్ప ఇంకేదీ చెప్పలేవు. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న మనిషి వెతకనిదాన్ని కూడా అప్పుడప్పుడు చూడగలడు. మైక్రోస్కోపులకు బదులు పట్టీలే మిగిలిన ల్యాబ్ ఆ అవకాశాన్ని వదులుకుంటుంది.

ఏ నమూనా ఎంత దూరం వెళ్లగలదు

రాష్ట్రంలో ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి నమూనాలను జిల్లా కేంద్రంలోని పెద్ద ల్యాబ్‌కు పంపే పద్ధతి నడుస్తోంది. షుగర్, థైరాయిడ్ లాంటి పరీక్షలకు అది చక్కగా సరిపోతుంది. ఈ జబ్బుల దగ్గరకు వచ్చేసరికి నమూనాలన్నీ ఒకేలా ప్రయాణించలేవు. వేడితో స్థిరపరచిన చర్మపు స్లైడు ఏటూరునాగారం నుంచి వరంగల్ దాకా నిశ్చింతగా వెళుతుంది. ఎండిన నెత్తురు స్లైడు కూడా వెళుతుంది, కానీ ఎండల్లో రోజుల తరబడి పడి ఉంటే నెత్తురు గట్టిపడి ఎర్రదనం కడిగినా పోదు, రంగు సరిగా ఎక్కదు. మలం మాత్రం వెళ్లలేదు. కొంకిపురుగు గుడ్డు దారిలోనే పొదుగుతుంది, లేదా స్లైడు మీదే మాయమవుతుంది.

దీన్ని బట్టి చూస్తే రాత్రి రక్త పరీక్షకు ఊరికి వెళ్లే బృందం చేతిలోనే పరిష్కారంలో సగం ఉంది. రాత్రి పదింటికి నెత్తురు చుక్క తీసేటప్పుడే ఇంటికొక మూతబిగించిన డబ్బా ఇచ్చి, ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోతే, తెల్లవారి తాజా మలం చేతికి వస్తుంది. స్పర్శ లేని మచ్చలను దీపం వెలుగులో వెతకకూడదు, పగటి వెలుతురులోనే చూడాలి కాబట్టి చర్మ పరీక్షకూ ఆ ఉదయమే సరైన వేళ. ఒక రాత్రి, ఒక ఉదయం, మూడు నమూనాలు. నెత్తురు, చర్మం స్లైడ్లను వరంగల్‌కు పంపవచ్చు. మలం స్లైడుకు మాత్రం ఊరికి దగ్గరలోనే ఒక మైక్రోస్కోపు, దాని ముందు ఆ అరగంట కూర్చునే ఒక టెక్నీషియన్ కావాలి. రిపోర్టులో ‘లేదు’ అన్న మాట పక్కన ఏ నమూనా, ఎన్ని గంటలకు తీసింది, ఎంత పరిమాణం, ఎన్ని క్షేత్రాలు చూశారు అని నాలుగు గడులు చేర్చితే, తరవాత ఆ కాగితం చదివే వైద్యుడికి ఇంకా ఏం వెతకాలో తెలుస్తుంది.